బెంగకి చివర ఎల్ ఉండదు

మీరు ఇవాళ ఫోనులో ఎంత పొడుగు కబురైనా పంపించేస్తారు. చాలదన్నట్టు చివర నవ్వే బొమ్మలూ ఏడ్చే బొమ్మలూ తగిలిస్తారు. మా రోజుల్లో దూరాన ఉన్న మనిషికి అర్జంటు కబురు అందాలంటే టెలిగ్రామే గతి. అది ఇంగ్లీషు అక్షరాల్లో వెళ్ళాలి, నాలుగు ముక్కల్లో వెళ్ళాలి, నావంటి వాడి వేలి కింద నుంచి వెళ్ళాలి. నా సర్వీసులో నా వేలి కింద నుంచి చావుకబుర్లు వెళ్ళాయి, పెళ్ళి దీవెనలు వెళ్ళాయి, పరీక్ష పాసయిన కబుర్లు వెళ్ళాయి. అన్నిటిలోకీ ఒక్కటే నా ఉద్యోగాన్ని కూడా తనతోపాటు పట్టుకుపోబోయింది. అది ఒక గేదెని గురించిన టెలిగ్రాము.

డెబ్బైల నడిమి సంగతి. రాజోలు దగ్గర ఒక ఊళ్ళో, పోస్టాఫీసూ తంతి ఆఫీసూ కలిసి ఉన్న ఒక పెంకుటింట్లో నేను కొత్తగా చేరాను. ఇంకా పర్మనెంటు కాలేదు. నా పైన పోస్టుమాస్టరు గారు. యాభై దాటిన మనిషి. ఆదివారం చర్చిలో వాక్యం చదివేది ఆయనే. సోమవారం ఆఫీసులో మెమో చదివినా అదే గొంతు. ఆయన ఎవరినీ కసురుకోగా నేను చూడలేదు. ఎంత పెద్ద తప్పు దొరికినా "కొంచెం చూసుకోండీ" అనే అనేవారు. ఆ "కొంచెం" అన్న మాట వింటే నాకు అన్నం సహించేది కాదు.

నాకు అప్పటికి పెళ్ళయి మూడు నెలలు. సరిగ్గా ఆషాఢమాసం వచ్చిపడింది. మా ఆవిడ నరసాపురంలో పుట్టింటికి వెళ్ళిపోయింది. అల్లుడు ఆ నెల అత్తవారి గడప తొక్కకూడదు. ఆ నియమం పెట్టినాయన ఎవరో గానీ సినిమాహాలు సంగతి ఆలోచించలేదు, దానికి అత్తవారి గడప ఉండదు కదా. మా మరదలి చేత కబురు చేయించుకుని, ఒక శనివారం ఫస్టుషోకి కలుసుకోవాలని ఏర్పాటు చేసుకున్నాం. నాలుగింటికి తంతి మూసేసి, బస్సు పట్టుకుని సఖినేటిపల్లి రేవుకి చేరి, పంటు ఎక్కి గోదారి దాటాలి. ఒక్క పంటు తప్పిపోయిందంటే నా సినిమా అయిపోయినట్టే.

ఆ శనివారం నాలుగుకి పది నిమిషాలుందనగా కౌంటరు ముందుకి ఒక రైతుగారు వచ్చారు. నేను ఎరిగిన ఆయనే. కొబ్బరితోటా మూడెకరాల చేనూ ఉన్న మనిషి, నేను బాబాయిగారూ అని పిలిచేవాణ్ణి. ఆయన కూతురు ఖరగ్‌పూర్‌లో ఉంటుంది, అల్లుడికి అక్కడ రైల్వే ఉద్యోగం. కూతురు నీళ్ళాడవలసి ఉండి, ప్రయాణం కూడదని డాక్టరు చెప్పడంతో తల్లే అక్కడికి వెళ్ళింది. నెలరోజుల్లో వస్తానని వెళ్ళిన మనిషి రెండు నెలలైనా రాలేదు. మనవడు పుట్టాడు, తల్లీపిల్లాడూ కులాసా అని కార్డు మాత్రం వచ్చింది.

"ఒక తంతి ఇవ్వాలండి బాబుగారండి. మా అల్లుడుగారికండి."

"ఏమని బాబాయిగారూ?"

ఆయన భుజం మీది తువ్వాలు తీసి, దులిపి, మళ్ళీ అక్కడే వేసుకున్నారు. "గేదె బెంగెట్టుకుందండి. మా ఇంటావిణ్ణి వెంటనే బయల్దేరమనండి."

నేను గడియారం చూస్తూ ఫారం తీశాను. "గేదెకి జబ్బుగా ఉంది అని ఇంగ్లీషులో రాసేద్దామా?"

"అబద్ధం ఎందుకండి. దానికి ఒంట్లో బానే ఉందండి."

"పోనీ, దిగులుగా ఉంది అందామా?"

"దిగులు మనుషులకండి. పంట ఏవవుద్దో, పిల్లకి సంబంధం కుదురుద్దో లేదో అని. గేదెకి అయ్యన్నీ ఎందుకండి? ఇది బెంగండి. ఆవిడ మీద బెంగ."

పోస్టుమాస్టరు గారు కళ్ళజోడు పైనుంచి చూసి, "ఆ మాటకి ఇంగ్లీషు లేదండీ. ఉన్నదున్నట్టు ఇచ్చెయ్యండి" అన్నారు.

ఆయన చెప్పింది బెంగ ఒక్కదాని గురించే. గేదెకి ఇంగ్లీషు శుభ్రంగా ఉంది. అయితే బఫెలో అని కొట్టాలంటే ఏడు అక్షరాలు. గేదె అయితే జి, ఇ, డి, ఇ, నాలుగే. పైగా ఇ అనే అక్షరం తంతి భాషలో ఒక్క చుక్క, వేలు అలా తగిలిస్తే అయిపోతుంది. రెండు ఇలు నాకు పంటు వైపు రెండు అడుగులు. అంచేత "గేదె బెంగ స్టార్ట్ ఇమ్మీడియట్లీ" అని ఇంగ్లీషు అక్షరాల్లో రాసి, కింద ఆయన పేరు పెట్టి, టకటక కొట్టేశాను. రైతుగారు కౌంటరు మీద రెండు చేతులూ ఆనించి, ఆఖరి చుక్క దాకా నిలబడి విని వెళ్ళారు.

మా ఊరి కబురు నేరుగా ఖరగ్‌పూర్ పోదు. పై ఆఫీసువాళ్ళు అందుకుని ముందుకి పంపాలి. అక్కడ కూర్చున్నతనికి అనుమానం వచ్చింది. ఇంగ్లీషు అక్షరాల్లో చూస్తే అది బెంగో, తోక తెగిన బెంగాలో ఎవరికి తెలుస్తుంది? వెనక్కి తిప్పి "బెంగాల్?" అని అడిగాడు. నేను అప్పటికి ఒక కాలు చెప్పులో పెట్టి జుట్టు దువ్వుకుంటున్నాను. మొదటి ఐదు అక్షరాలు విన్నాను. ఆరోది వినలేదు. కుడిచేతిలో దువ్వెన ఉందని ఎడమచేత్తో "అవును" అని కొట్టేశాను.

పంటు అందింది. సినిమా కూడా చూశాం. అది ఏ సినిమాయో ఇద్దరికీ అప్పుడే గుర్తులేదు, ఇప్పుడు అడక్కండి.

ఐదు రోజుల తరవాత, గురువారం పొద్దున్న, ఖరగ్‌పూర్ నుంచి రైతుగారి పేర టెలిగ్రాము వచ్చింది. నేనే అందుకున్నాను. "ఫాదర్ నాట్ ఎట్ గేదె. వేర్ ఈజ్ హి. వైర్ ఇమ్మీడియట్లీ." రాసుకుని రెండుసార్లు చదువుకున్నాను. ఏదో తేడాగా ఉందనిపించింది గానీ ఏమిటో తట్టలేదు. అర్జంటు కదా అని నేనే సైకిలెక్కి వాళ్ళింటికి వెళ్ళాను.

రైతుగారు పశువులశాలలో ఉన్నారు. ఆయనకి ఇంగ్లీషు రాదు కాబట్టి నేనే తెలుగు చేసి వినిపించాను. "మావగారు గేదె దగ్గర లేరు. ఎక్కడున్నారు? వెంటనే తంతి ఇవ్వండి."

ఆయన గేదెని చూశారు. తరవాత నన్ను చూశారు. గేదె కూడా నన్ను చూసింది.

"దగ్గరే ఉన్నాను కదండీ?"

"ఉన్నారండీ."

"మరి నేను గేదె దగ్గర లేనని ఖర్గపూరులో ఉన్నాయనకి ఎవరు చెప్పేరండి?"

సబబైన ప్రశ్నే. ఆయన కొంచెం నొచ్చుకున్నారు కూడాను. "పొద్దున్న లేచిన కాణ్ణుంచి దాని దగ్గరే ఉంటున్నానండి. ఆవిడే పెట్టించుంటదండి ఈ తంతి. నేను దాన్ని చూసుకోటం లేదని అనుమానం. గేదె దగ్గరే ఉన్నానని గట్టిగా ఇచ్చెయ్యండి."

నేను ఆఫీసుకి వచ్చి "అయామ్ ఎట్ గేదె" అని ఫారం నింపి, వేలు ఆనించబోతూండగా పోస్టుమాస్టరు గారు "ఏదండీ, ఓసారి ఇలా ఇవ్వండి" అన్నారు. చదివారు. గోడకి మేకుకి వేలాడుతున్న రైల్వే టైంటేబులు తీశారు. పేజీలు తిప్పి ఒక చోట వేలు పెట్టి నా ముందుకి జరిపారు. గెదే. బెంగాల్లో, సరిహద్దు అంచున ఉన్న స్టేషను. జి, ఇ, డి, ఇ.

"శనివారం కాపీ తెండి" అన్నారు. తెచ్చాను. పై ఆఫీసుతో మాట్లాడి అక్కడి నుంచి ఏం వెళ్ళిందో కనుక్కున్నారు. గేదె బెంగాల్ స్టార్ట్ ఇమ్మీడియట్లీ. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "కొంచెం చూసుకోండీ" అన్నారు.

అక్కడ ఏం జరిగిందో తరవాత తెలిసింది, ఇప్పుడే చెప్పేస్తాను. అల్లుడుగారు రైల్వే మనిషి కాబట్టి గెదే అని చూడగానే స్టేషనే అనుకున్నాడు. పక్కన బెంగాల్ అని కూడా ఉందాయె. అత్తగారు గుండె బాదుకుంది. "నేను లేకుండా చూసి కాశీ, గయా అంటూ బయల్దేరి ఉంటారు బాబూ. దారి తప్పి అక్కడ దిగిపోయుంటారు" అంది. అల్లుడుగారు పాసు తీసుకుని గెదే వెళ్ళి, రెండు రోజులు ఆ ప్లాట్‌ఫారం మీద పంచె కట్టుకున్న ప్రతి ముసలాయన మొహంలోకీ తొంగి చూశాడు. సరిహద్దు స్టేషన్లో ఒక మనిషి రెండు రోజులు అలా తిరిగితే పోలీసులు ఊరుకుంటారా? పిలిచి అడిగారు. ఆయన టెలిగ్రాము చూపించాడు. వాళ్ళు దాన్ని నకలు రాసుకుని, ఆయన్ని మర్యాదగానే రైలెక్కించారు. నేను "అయామ్ ఎట్ గేదె" అని కూడా కొట్టి ఉంటే ఆ మహానుభావుడు ఆ పూటే మళ్ళీ అక్కడికి బయల్దేరి ఉండేవాడు.

గురువారం నాడు మాత్రం నాకివేమీ తెలియవు. తెలిసిందల్లా తప్పు నాదని. పోస్టుమాస్టరు గారు అడిగారు. "మావగారు ఇంటి దగ్గర క్షేమం అని మాత్రం ఇస్తారా? లేక తప్పు మనదని పైకి కూడా రాస్తారా?" నేను నేల చూపులు చూస్తూ క్షేమం అని మాత్రం ఇద్దామన్నాను. పర్మనెంటు కావలసినవాణ్ణి, కొత్తగా పెళ్ళయినవాణ్ణి, భయపడ్డాను. ఆయన "మీ ఇష్టమండీ" అన్నారు. అది "కొంచెం చూసుకోండీ" కంటే ఘోరంగా తగిలింది. అయినా అలాగే కొట్టాను.

సాయంత్రం రైతుగారు వచ్చారు. జరిగింది సగం చెప్పాను, నాకు అనువైన సగం. ఆయన అంతా విని, "మరి బెంగ మాటో అండి?" అన్నారు.

"ఈసారికి ఆ మాట వద్దు బాబాయిగారూ. దానివల్లే ఇంత గొడవైంది."

"ఆయ్" అన్నారు. తువ్వాలు సవరించుకుని వెళ్ళిపోయారు. చొక్కా వదులైపోయి భుజాల మీంచి జారిపోతోందని అప్పుడే చూశాను. చూసి ఊరుకున్నాను.

పదిపన్నెండు రోజులకి పైనుంచి ఇన్‌స్పెక్టరు దిగాడు. మద్రాసు వైపు ఆయన, తెలుగు కొద్దిగా అర్థమవుతుంది గానీ మాట్లాడేది ఇంగ్లీషే. చేతిలో ఒక ఫైలు. అందులో పై ఆఫీసువాళ్ళ లాగ్ పుస్తకం నకలు ఉంది, నేను ఎడమచేత్తో కొట్టిన "అవును" నిమిషంతో సహా ఉంది. దాని పైన సరిహద్దు పోలీసుల ఉత్తరం ఉంది. మీ ఊరి నుంచి వచ్చిన టెలిగ్రాము గురించి విచారిస్తే అసలు మాట బెంగాల్ కాదని, బెంగ అని తేలింది, బెంగ అంటే ఏమిటి, ఏ భాష, అది రహస్య సంకేతమా అని అడిగారు. ఆ "బెంగ" రహస్యమేమీ కాదని రుజువు చెయ్యకపోతే పర్మనెంటు మాట అటుంచి, ఉన్న ఉద్యోగమే ఉండదు.

ఇన్‌స్పెక్టరు నన్ను నిలబెట్టి ఇంగ్లీషులో అడిగాడు. "బెంగ అంటే?"

ఆ క్షణాన నాకు తోచింది చెప్పాను. "స్ట్రాంగ్ డిజైర్ సార్."

"ఎవరికి?"

"గేదెకి సార్."

"ఎవరి మీద?"

"గేదెగల ఆసామీ భార్య మీద సార్."

ఆయన అది రాసుకుని, ఫైలు మూసి లేచాడు. "నేను ఆ గేదెని చూడాలి" అన్నాడు.

ముగ్గురం నడిచి వెళ్ళాం. మిట్టమధ్యాహ్నం. రైతుగారు మమ్మల్ని చూసి కంగారుగా కుర్చీలు వేయబోయారు. ఇన్‌స్పెక్టరు నేరుగా పశువులశాలలోకి వెళ్ళాడు. గేదె మోకాళ్ళ లోతు పచ్చగడ్డిలో పడుకుని, కళ్ళు అరమూసుకుని, హాయిగా నెమరు వేస్తోంది. నిగనిగలాడుతోంది. నా ఉద్యోగాన్ని ఏమాత్రం కనికరించే గేదెలా లేదు.

"ఇది తింటోంది" అన్నాడు ఇన్‌స్పెక్టరు. ఆ ఒక్కమాటా తెలుగులోనే అన్నాడు.

ఆయన నావైపు తిరిగి ఇంగ్లీషులో మొదలుపెట్టాడు. ఆసామీ అబద్ధపు కబురు ఎందుకిచ్చాడు, మీరు అది ఎందుకు పంపారు, ఈ బెంగ అనేది అసలు ఏమిటి అని. ఆయన గొంతు పెరుగుతూ పోయింది. రైతుగారికి భాష అర్థం కాలేదు గానీ నా మొహం అర్థమైంది.

"పోస్టుమేష్టారండి, కుర్రాడి ఉద్యోగానికి గానీ ముప్పొచ్చిందాండి?"

"వచ్చేలాగే ఉందండీ" అన్నారు పోస్టుమాస్టరు గారు.

రైతుగారు చాలాసేపు గేదె వీపు నిమిరారు. తరవాత ఇన్‌స్పెక్టరుకి ఎదురుగా వచ్చి, చేతులు కట్టుకుని చెప్పారు.

"బెంగ గేదెకి కాదండి. నాకండి."

పోస్టుమాస్టరు గారు దాన్ని ఇంగ్లీషు చేశారు. ఇన్‌స్పెక్టరు ఫైల్లో నేను చెప్పిన అర్థం చూసి, ఈయన్ని చూసి, "ఈ వయసులో స్ట్రాంగ్ డిజైరా?" అన్నాడు.

"ఏవన్నారండి?"

"బలమైన కోరిక అంటున్నారండీ" అన్నారు పోస్టుమాస్టరు గారు, వాక్యం చదివే గొంతుతో.

రైతుగారి మొహం కందగడ్డ అయిపోయింది. "ఛ ఛ. కోరిక కాదండి. తవరు అలా రాయకండి. మనవడు పుట్టినోణ్ణండి. బెంగండి." కాస్త ఊపిరి తీసుకున్నారు. "మరేవీ లేదండి. పొద్దున్నే లేచి కాఫీ అయ్యిందా అంటానండి. అన్నాక, ఆవిడ లేదని గుర్తొస్తదండి. వండుకుంటున్నానండి, వంట నాకొచ్చండి. కంచంలో పెట్టుకున్నాక ఎదర పీట ఖాళీగా అవుపిస్తదండి. ఇంక సయించదండి. జబ్బూ కాదండి, దిగులూ కాదండి. మొగోణ్ణి, అల్లుడుగారికి ఆ ముక్క తంతిలో ఎలా ఇమ్మంటారండి? అంచేత గేదె మీద పెట్టేనండి."

ఇన్ని మాటలు ఆయన వరసగా మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. పోస్టుమాస్టరు గారు ఇంగ్లీషు చెయ్యడం మధ్యలోనే ఆపేశారు. అవసరం లేకపోయింది. ఇన్‌స్పెక్టరు టోపీ తీసి చేత్తో పట్టుకుని, మెల్లిగా, "ఏక్కం" అన్నాడు. "మా వైపు ఏక్కం అంటాం." ఆయన కుటుంబం తంజావూరు పక్క పల్లెలో ఉందని, ఆయనకి సెలవు దొరికి ఎనిమిది నెలలైందని తరవాత తెలిసింది.

అప్పటికి కాసేపటి నుంచే వీధిగుమ్మం దగ్గర ఒక రిక్షా ఆగి ఉంది. చేతిసంచీతో దిగిన ఆవిడని పోస్టుమాస్టరు గారూ నేనూ చూశాం. రైతుగారు చూడలేదు, ఆయన వీపు అటుంది.

"మరి ఆ ముక్క ఆవేళే ఇవ్వకపోయేరా అండి?" అంది ఆవిడ.

ఆయన తుళ్ళిపడి తిరిగారు. చెయ్యి దానంతట అదే గేదె వైపు వెళ్ళింది. "ఇది... గేదె బెంగెట్టుకుని..."

"నా గేదె సంగతి నాకు తెల్దా అండి? కుడితి ఎవరెట్టినా తాగుద్ది అది. అల్లుడుగారు ఆ కాయితం చదువుతుంటే గెదే, గెదే అనుకుని మతి పోగొట్టుకున్నాను. మొన్న అక్షరాలు కూడబలుక్కుని చదవమంటే అప్పుడు తెలిసింది, అది గేదె అని, పక్కది బెంగాల్ కాదు బెంగ అని. గేదె అని తెలిసేక బెంగెవరిదో నాకొకరు చెప్పాలా?" సంచీ అరుగు మీద పెట్టింది. "భోంచేసేరా?"

"లేదు" అన్నారాయన.

ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది. ఇన్‌స్పెక్టరు నన్ను అడిగాడు, ఆవిడ ఏమందని. అన్నం తిన్నారా అని అడిగింది సార్ అన్నాను. ఆయన తలాడించి ఫైలు చంకలో పెట్టుకున్నాడు.

నేను ఆఫీసుకి తిరిగొచ్చాక, ఎవరూ అడక్కుండానే, జరిగిందంతా రాసి ఇన్‌స్పెక్టరు చేతికిచ్చాను. ఆరో అక్షరం వినకుండా అవునన్నానని, తెలిశాక దాచానని, పంటు తొందరలో ఉన్నానని కూడా రాశాను. ఆయన చదివి, పంటు ఎందుకు అని అడిగాడు. ఆషాఢమాసం గురించి వివరించవలసి వచ్చింది. ఆయన మొదటిసారి నవ్వాడు. "అయితే ఆ రోజు కౌంటరుకి రెండు వైపులా బెంగే ఉందన్నమాట" అన్నాడు. హెచ్చరిక ఒకటి రాసి వదిలేశాడు. పోలీసులకి రాసిన జవాబు పోస్టుమాస్టరు గారు నాకు చూపించారు. బెంగ అనేది తెలుగు మాట, సంకేతం కాదు, ఇంగ్లీషులో సరైన మాట లేదు అని ఉంది. ఆ ఏడాదే నేను పర్మనెంటు అయ్యాను.

ఈ మాట గురించి ఆ తరవాత చాలా ఆలోచించాను. ఉద్యోగం ఊడగొట్టబోయిన మాట కదా. మోజు కొత్త వస్తువు మీద పడుతుంది. యావ తిండి మీదో పదవి మీదో ఉంటుంది. ఉబలాటం ఇంకా జరగని ముచ్చట కోసం. అవన్నీ లేనిదాన్ని కోరుకోవడాలు. బెంగ మాత్రం మనం బాగా ఎరిగినదాని మీదే వస్తుంది. చూడని ఊరి మీద, ఎరగని మనిషి మీద ఎవరూ బెంగ పెట్టుకోరు. ఇది చదువుతున్న మీలో కొత్తగా ఉద్యోగాల్లో చేరినవాళ్ళుంటే రెండు మాటలు చెబుతాను. ఎదటివాడు అడిగినది ఆఖరి అక్షరం దాకా వినండి. కౌంటరు అవతలి మనిషి గేదె అన్నప్పుడు ఒకసారి అతని చొక్కా కూడా చూడండి.

ఎనభైల్లో నన్ను ఆరునెలల ట్రైనింగుకి జబల్‌పూర్ పంపారు. అప్పటికి పెళ్ళయి పన్నెండేళ్ళు, ఇద్దరు పిల్లలు, నెత్తిన నాలుగు తెల్లవెంట్రుకలు. మూడో నెలలో ఒకరోజు మెస్సులో కంచం ముందు కూర్చున్నాను. ఎంతకీ సహించలేదు. లేచి వెళ్ళి, అక్కడి తంతి ఆఫీసులో మా ఆవిడ పేర ఒకే ఒక్క మాట రాసిచ్చాను. కౌంటరులో కుర్రాడు చూసి, స్పెల్లింగు తప్పింది సాబ్ అంటూ పెన్ను తీసి చివర ఎల్ చేర్చబోయాడు. చెయ్యి పట్టుకుని ఆపాను. ఎల్ లేదు బాబూ, ఆ మాటకి చివర ఎల్ ఉండదు అన్నాను.

మర్నాడు సాయంత్రం జవాబొచ్చింది. "గేదె బెంగ స్టార్ట్ ఇమ్మీడియట్లీ."

మా ఇంట్లో ఏనాడూ గేదె లేదు.